నా కయాక్‌కు సరిపోయే తెడ్డు దొరికేదాకా

ఎదురుగాలిలో మూడు కిలోమీటర్లు తెడ్డు వేసుకుంటూ వెనక్కి వచ్చిన సాయంత్రం అది. ఒడ్డు చేరి కయాక్‌ను, అంటే రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే నా చిన్న పడవను, పైకి లాగుదామంటే కుడి చేతి పిడికిలి బిగుసుకోలేదు. మణికట్టు వాచింది. రెండు బొటనవేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయింది. తెడ్డు వేసిన ప్రతిసారీ ఆ కణుపులు కయాక్ అంచుకు రాసుకుంటూనే ఉన్నాయి. వాన చినుకు పడలేదు, అయినా నడుము నుంచి మోకాళ్ల దాకా తడిసి ముద్దయ్యాను. తెడ్డు రెక్క పైకి లేచినప్పుడల్లా కాడ వెంబడి జారిన నీరంతా ఒళ్లోకే వచ్చి చేరింది.

అప్పటికి కయాక్ మీద చేపలు పట్టడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో గాలపు కర్రలు మార్చాను, రీళ్లు మార్చాను, నీటి అడుగును చూపించే సోనార్ బిగించుకున్నాను, సీటు మీదికి మెత్త కొన్నాను. తెడ్డును మాత్రం పట్టించుకోలేదు. కయాక్‌తో పాటు వచ్చిందే వాడుతూ వచ్చాను. నొప్పికి కారణం నా ఒళ్లేననీ, అలవాటైతే అదే పోతుందనీ నమ్మాను. వైద్యుడు మణికట్టు నొక్కి చూసి, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు వాచిందని, మూడు వారాలు తెడ్డు ముట్టుకోవద్దని చెప్పారు. "దేన్నైనా గట్టిగా బిగించి పట్టుకుని గంటల తరబడి తిప్పుతున్నారా?" అని అడిగారు. గట్టిగా బిగించి అన్న మాట నాకు గుర్తుండిపోయింది. తర్వాత నేను చూసిన ప్రతి తెడ్డునూ ఆ మాటతోనే తూచాను.

నీటి మీదికి వెళ్లే వీలు లేదు కాబట్టి ఆ మూడు వారాలూ తెడ్డును ఇంట్లోనే పరిశీలించాను. వంటింటి త్రాసు మీద పెడితే 1,250 గ్రాములు తూగింది. టేపుతో కొలిస్తే 220 సెంటీమీటర్లు. గుండ్రటి అల్యూమినియం కాడ, ప్లాస్టిక్ రెక్కలు, మధ్యలో బొత్తాం నొక్కితే విడిపోయే అతుకు. అతుక్కి రెండు వైపులా పట్టుకుని ఊపితే టకటకలాడింది. రెక్క కొసను బొటనవేలితో నొక్కితే అట్టముక్కలా వంగింది. తర్వాత ఒక లెక్క వేశాను. తీరిగ్గా వేస్తే నిమిషానికి 40 సార్లు తెడ్డు పడుతుంది, అంటే గంటకు 2,400. గాలం వేసి కూర్చునే సమయం తీసేసినా రోజుకు మూడు గంటలైనా తెడ్డు చేతిలో ఉంటుంది. 7,200 సార్లు! ఒక రెక్క లేచినప్పుడు మరో రెక్క దిగుతుంది కాబట్టి బరువంతా ప్రతిసారీ ఎత్తుతున్నామని కాదు. కానీ ఆ కిలోంపావును చాచిన చేతుల మీద ఆపి ఉంచడం, రెక్కలను పైకీ కిందికీ తిప్పడం మాత్రం అన్నిసార్లూ తప్పదు.

చేపల కోసం వెళ్లేవాళ్ల తెడ్డు చేసే పని దూరప్రయాణాల వాళ్ల తెడ్డు పని లాంటిది కాదు. సన్నటి కయాక్‌లో దూరం వెళ్లేవాళ్లు ఒకే లయలో గంటల కొద్దీ వేసుకుంటూ పోతారు. మనది వెడల్పాటి కయాక్, ఎత్తు సీటు, వెనక సరంజామా. పది నిమిషాలు వెళ్లి ఆగాలి. ఆగినచోట గాలి తోసేస్తుంటే అర్ధ తెడ్డు, పావు తెడ్డు వేసి నిలదొక్కుకోవాలి. చేప తగిలితే తెడ్డును చప్పుడు కాకుండా ఒళ్లో పడుకోబెట్టాలి. చేప కయాక్‌ను తుంగ వైపు లాగుతుంటే ఒక చేత్తో గాలపు కర్ర, మరో చేత్తో మోచేతికి ఆనించిన తెడ్డు పట్టుకుని వెనక్కి రావాలి. ఒక్క ఉదయంలో తెడ్డును ఎన్నిసార్లు కింద పెట్టి తీస్తామో లెక్కే ఉండదు. తెడ్ల గురించి చదివిన సలహాల్లో సగానికి పైగా ఈ పనులను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. అది తెలుసుకోకుండానే నేను రెండో తెడ్డు కొన్నాను.

బరువు లెక్కే తలలో తిరుగుతోంది కాబట్టి అన్నిటికంటే తేలికైనది చూశాను. కాడా కార్బన్ ఫైబరే, రెక్కలూ కార్బన్ ఫైబరే. మొత్తం 710 గ్రాములు. చేతిలోకి తీసుకుంటే ఏమీ పట్టుకున్నట్టే లేదు. పొడవు పాతదాని లాగే 220 తీసుకున్నాను, ఎందుకంటే పొడవు కూడా ఒక సమస్య కావచ్చని నాకు అప్పటికి తోచలేదు. రెక్కలు పొట్టిగా, వెడల్పుగా, గరిటెలా ఉన్నాయి. ఎక్కువ నీటిని పట్టుకుంటుంది కదా అని సంతోషించాను.

మొదటి పది నిమిషాలు కయాక్ దూసుకుపోయింది. అరగంటకు భుజాలు మండటం మొదలైంది. గంటకు బొటనవేళ్ల కణుపులు మళ్లీ అంచుకు తగిలాయి. ఒళ్లు మళ్లీ తడిసింది. తెడ్డు నీటిని అందుకోవడానికి నేను ప్రతిసారీ ఒక పక్కకు ఒరుగుతున్నాననీ, కయాక్ ఉయ్యాలలా ఊగుతోందనీ ఆ రోజే మొదటిసారి గమనించాను. వెడల్పు రెక్క ఒక్కో తెడ్డుకు ఎక్కువ నీటిని అడ్డుకుంటుంది, నిజమే. సరంజామాతో నిండిన బరువైన కయాక్‌ను కదిలించాలంటే ఆ అడ్డంతా భుజం మీదే పడుతుంది. తక్కువ గేరులో తొక్కాల్సిన ఎత్తును పెద్ద గేరులో తొక్కినట్టు ఉంది. అంత ఖరీదైన వస్తువు కొనుక్కుని నిరాశపడి ఒడ్డుకు రావడం నాకు చాలా బాధ కలిగించింది.

అక్కడ తరచూ కలిసే ఒక పెద్దాయన ఉన్నారు. నేను పుట్టక ముందు నుంచీ నీళ్ల మీద ఉన్న మనిషి. నా కొత్త తెడ్డును తీసుకుని రెక్కను వేళ్లతో తడిమి చూశారు.

"మంచి తెడ్డే బాబూ. కానీ దీన్ని దాదాపు నిలువుగా, పడవ పక్కనే దించుతారు. నీ పడవ వెడల్పెంత?"

"తెలియదండీ."

"సీటు ఎంత ఎత్తులో ఉంది?"

అదీ తెలియదు. తెడ్డు పొడవు ఎంతుండాలని అడిగితే ముందు ఆ రెండూ కొలిచి రమ్మన్నారు. కొలిచాను. వెడల్పు 86 సెంటీమీటర్లు. సీటు పై మెట్టులో ఉంటే కయాక్ అడుగు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు, కింది మెట్టులో 15.

తెడ్డు వేసే తీరులు రెండు. పై చేతిని ముఖం ఎత్తుకు తెచ్చి తెడ్డును నిటారుగా దించేది ఒకటి. దానికి పొట్టి కాడ, వెడల్పు రెక్క కావాలి. చేతులను ఛాతీ కంటే పైకి పోనివ్వకుండా ఏటవాలుగా వేసేది రెండోది. దానికి పొడవాటి కాడ, సన్నటి పొడుగు రెక్క నప్పుతాయి. ఎత్తు సీటులో కూర్చుని రోజంతా నెమ్మదిగా తిరిగేవాళ్లకు రెండో పద్ధతే ఒంటికి హాయి. నేను మొదటి పద్ధతి తెడ్డును కొని రెండో పద్ధతిలో వేస్తున్నాను.

పొడవు గురించి నాకు బాగా అర్థమయ్యేలా చేసింది గ్రీన్‌లాండ్ మూలవాసులైన ఇన్యూట్ వేటగాళ్ల కొలత. వాళ్ల సన్నటి చెక్క తెడ్డును సంప్రదాయంగా ఒక బారకు ఒక మూర కలిపి చేసుకుంటారని చదివాను. బార, మూర మనకు కొత్త కొలతలు కావు కదా! గోడకు ఆనుకుని చేతులు చాచి కొలిచాను. బార 172, మూర 46, కలిపితే 218. నా పాత తెడ్డు 220. అంటే ఒంటికి సరిగ్గా సరిపోయిన తెడ్డే అది. కానీ ఆ కొలత పుట్టిన కయాక్‌లు మనిషి తుంటి కంటే కాస్త మాత్రమే వెడల్పుగా ఉండేవి, వేటగాడు దాదాపు నీటి మట్టంలో కూర్చునేవాడు. నేను కూర్చుంటున్నది అంతకంటే ఎంతో వెడల్పైన, ఎత్తైన దాని మీద. తెడ్డు నా ఎత్తుకు కుదిరింది గాని కయాక్‌కు కుదరలేదు.

కొలతల పట్టికలు చాలానే ఉన్నాయి. 60 సెంటీమీటర్ల లోపు వెడల్పున్న కయాక్‌కు 210 నుంచి 220 అనీ, 80 దాటి సీటు ఎత్తుగా ఉంటే 250, 260 అనీ మొత్తం మీద అన్నీ ఒకే దారిలో చెబుతాయి. అయినా రెండోసారి పొరపాటు పడదలచుకోలేదు. తేలికపాటి ప్లాస్టిక్ పైపు ఒకటి 260 సెంటీమీటర్లకు కోయించాను. రెండు చివర్ల నుంచీ లోపలికి ప్రతి 5 సెంటీమీటర్లకు ఒక రంగు టేపు చుట్టాను. రెండు వైపులా ఐదేసి తగ్గితే మొత్తం పది తగ్గినట్టు. అంటే కొసన 260, మొదటి టేపు దగ్గర 250, అలా 220 దాకా గుర్తులు వచ్చాయి. మామూలుగా పెట్టుకునే సామానంతా కయాక్‌లో పెట్టి, మోకాలి లోతు నీటిలో కూర్చున్నాను. పైపును తల మీద పెట్టుకుని మోచేతులు లంబకోణంలో వచ్చేలా పట్టు సరిచూసుకుని, రోజూ వేసే వాలులోనే నీటిలోకి దించాను. పెద్దాయన పక్కనే నీటిలో నిలబడి, వంగి ఏ టేపు దాకా నీరు వచ్చిందో చూసి చెప్పారు.

నిటారుగా కూర్చుంటే 220 టేపు నీటిలోకి రెక్క పొడవంత దిగలేదు. తెడ్డు రెక్క పొడవు 46 సెంటీమీటర్లు. అంటే ఇన్నాళ్లూ నా రెక్క పూర్తిగా మునగలేదు. మునగడానికే నేను పక్కకు ఒరిగేవాణ్ని, ఒరిగినప్పుడే కణుపులు అంచుకు తగిలేవి. 250 దగ్గర రెక్కంతా మునిగి, చెయ్యి అంచుకు నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. 260 దగ్గర కాడ కూడా కొంత మునిగింది. అది వృథా, పైగా ఆ నీరు చేతి వైపు జారుతుంది. సీటును కింది మెట్టుకు దించి మళ్లీ చూస్తే 240 సరిపోయింది. అరగంట పని. తెడ్డు కొనబోయే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఈ పైపు పరీక్షే.

పొడవు తేలాక రెక్కల సంగతి. ఇక్కడ కాగితం మీది వివరాలు పనికిరావు, నీటిలో వేసి చూడాల్సిందే. తెలిసినవాళ్లను అడిగి, వాళ్లు విశ్రాంతి తీసుకునే సమయంలో ఒక్కొక్క తెడ్డును అరగంట చొప్పున వేసి చూశాను. ప్రతిదానితోనూ ఒకే పరీక్ష పెట్టాను: బొటనవేలు, చూపుడువేలు మాత్రం ఉంగరంలా కాడ చుట్టూ ఉంచి, మిగతా మూడు వేళ్లూ వదిలేసి వేయగలనా? వైద్యుడి ప్రశ్న నుంచి వచ్చిన పరీక్ష ఇది. చెయ్యి బిగుసుకుంటోందంటే తెడ్డు ఎక్కడో మొరాయిస్తోందని అర్థం.

మొదటి తెడ్డు రెక్క లోపలి వైపు నున్నగా గిన్నెలా ఉంది. గట్టిగా లాగగానే నీటిలో అటూ ఇటూ అల్లాడింది. నీరు ఒకసారి పై అంచు నుంచి, మరోసారి కింది అంచు నుంచి జారిపోతుంటే రెక్క ఎండుటాకులా వణుకుతుంది; ఆ వణుకును ఆపడానికి చెయ్యి తనంతట తాను బిగుస్తుంది. రెండో దానికి రెక్క మధ్యలో నిలువునా వెన్నులా చిన్న ఉబ్బు ఉంది. అంతే తేడా. ఆ వెన్ను నీటిని రెండు వైపులకూ సమంగా చీలుస్తుంది కాబట్టి రెక్క సూటిగా వెనక్కి వచ్చింది. మూడు వేళ్లూ వదిలేసి పదిహేను నిమిషాలు వేశాను, చెయ్యి తేలిగ్గా ఉంది. నా మణికట్టును అంతకాలం హింసించింది బరువు ఒక్కటే కాదు, ఆ వణుకు కూడా అని అప్పుడు తెలిసింది.

ఆ సమయంలోనే మరొకటి కూడా బయటపడింది. ఏటవాలుగా వేసే తెడ్ల రెక్కల్లో పై అంచు పొడవుగా, కింది అంచు కాస్త కోసినట్టుగా ఉంటుంది. వాలుగా దిగినప్పుడు రెండు సగాలకూ సమానంగా నీరు తగలడానికి అలా చేస్తారు. తలకిందులుగా పట్టుకుంటే ఆ సమతౌల్యం పోయి రెక్క మెలి తిరుగుతుంది. రెక్క మీద పేరు ఉంటే అది సరిగ్గా చదవగలిగేలా ఉండాలి, గుంటగా ఉన్న ముఖం మన వైపు ఉండాలి. పట్టుకునే ముందు ఒక్క క్షణం చూసుకుంటే చాలు.

బరువు విషయంలో నా అభిప్రాయం చాలా మారింది. ఒకే బరువున్న రెండు తెడ్లు చేతిలో ఒకేలా ఉండవు. ఒకదాని కాడ బరువు, రెక్కలు తేలిక. రెండోదాని కాడ తేలిక, రెక్కలు బరువు. మధ్యలో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే రెండోది చేతిని లాగేస్తుంది. కొసన ఉన్న 50 గ్రాములు మధ్యలో ఉన్న 50 గ్రాముల కంటే ఎంతో బరువు. కాబట్టి రెక్కలు కూడా కార్బన్‌వే కావాలని అనిపిస్తుంది. కానీ మన తెడ్డు రాళ్లను తోస్తుంది, మునిగిన మొద్దులను తాకుతుంది, ఒడ్డున ఇసుకలో గుచ్చుకుంటుంది. కార్బన్ గట్టిదే గాని పదునైన దెబ్బకు చిట్లుతుంది. చిట్లిన అంచు చేతిని కోస్తుంది. ఫైబర్ గ్లాస్ నూలు కలిపిన నైలాన్ రెక్క దెబ్బలను ఓర్చుకుంటుంది, మామూలు ప్లాస్టిక్‌లా వంగిపోదు. నేను కార్బన్ కాడకు అలాంటి నైలాన్ రెక్కలున్న తెడ్డు వైపు మొగ్గాను. తేలికకు తేలిక, మొరటు పనికి మొరటు పని.

కార్బన్ కాడ తీసుకున్నవాళ్లు ఒకటి మరచిపోకూడదు. అల్యూమినియం లాగే కార్బన్ గుండా కూడా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఉరుము వినపడగానే ఒడ్డు చేరాలి, తక్కువ ఎత్తులో వేలాడే కరెంటు తీగల కింద తెడ్డు పైకెత్తకూడదు.

అల్యూమినియం కాడ మీద నాకున్న అసలు కోపం చప్పుడు గురించి. అది కయాక్ అంచుకు తగిలితే బోలు గొట్టం మోగినట్టు మోగుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళితే నీటిలో సుమారు 1,500 మీటర్లు వెళుతుంది. చేపకు లోపలి చెవితో పాటు ఒంటి పక్కన పార్శ్వరేఖ కూడా ఉంది. దగ్గరలో నీటి చిన్న కదలికను కూడా అది పట్టేస్తుంది. లోతు తక్కువ నీటిలో, తుంగ పక్కన, ఊపిరి బిగబట్టి చేరుకున్న చోటు ఒక్క టంగుమన్న చప్పుడుతో ఖాళీ అవడం నా కళ్లారా చూశాను. రెండు చేపలు మట్టి రేపుతూ వెళ్లిపోయాయి. ఎండలో ఆ కాడ చురుక్కుమంటుంది, చలి ఉదయాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి. ఫైబర్ గ్లాస్, కార్బన్ కాడలతో ఈ బాధ చాలా తక్కువ.

అతుకు గురించి ఎవరూ నాకు ముందు చెప్పలేదు, నేను చెబుతాను. తెడ్డును విడదీసి, కలిపి, రెండు వైపులా పట్టుకుని మెలితిప్పి, వంచి చూడాలి. వెంట్రుకవాసి కదలిక ఉన్నా నీటి మీద అది ప్రతి తెడ్డుకూ టక్కుమని మణికట్టుకు తెలుస్తుంది. బొత్తాం అతుకులు సాధారణంగా రెండు మూడు కోణాల్లోనే నిలుస్తాయి. మీటతో బిగించే అతుకులైతే కోణాన్ని ఎంత కావాలంటే అంత మార్చుకోవచ్చు, కొన్నింటిలో పొడవు కూడా పది, పదిహేను సెంటీమీటర్లు పెంచుకోవచ్చు. సీటు ఎత్తు మార్చే అలవాటు ఉన్న నాకు ఇది వరంలా తోచింది. కోణం అంటే రెండు రెక్కలూ ఒకే తలంలో ఉండకుండా ఒకదానికొకటి మెలి తిరిగి ఉండటం. ఎదురుగాలిలో పైనున్న రెక్క గాలిని కోసుకుంటూ పోతుందని 60 డిగ్రీలు పెట్టి చూశాను. గాలి తెలియలేదు గాని, తెడ్డు తెడ్డుకూ కుడి మణికట్టును వెనక్కి మడవాల్సి వచ్చింది. అరగంటలో పాత నొప్పి పలకరించింది. పైగా నేను ఏటవాలుగా వేస్తాను కాబట్టి రెక్క అంత ఎత్తుకు లేవదు, గాలి బాధ కూడా తక్కువే. ఇప్పుడు సున్నా దగ్గరే ఉంచుతున్నాను. మణికట్టు బాగున్నవాళ్లు 30 దాకా ప్రయత్నించవచ్చు.

ఇంకా చిన్నవి కొన్ని. కుడి చెయ్యి పట్టుకునే చోట కాడ కోడిగుడ్డు ఆకారంలో ఉంటే, చూడకుండానే రెక్క ఎటు తిరిగి ఉందో అరచేతికి తెలుస్తుంది. గాలం మీద కళ్లు పెట్టి తెడ్డు అందుకునేవాళ్లకు ఇది చాలా అవసరం. చేతులు చిన్నవైతే సన్న కాడ అడిగి తీసుకోవాలి, లావు కాడను పట్టుకోవడానికి వేళ్లు ఊరికే శ్రమపడతాయి. చేపల వేటగాళ్ల కోసమే చేసిన కొన్ని తెడ్లలో రెక్క అంచున ఒక గాటు ఉంటుంది, కొమ్మకు చిక్కుకున్న ఎరను దానితో తగిలించి లాగుకోవచ్చు. కాడ మీద కొలబద్ద గీతలు కూడా ఉంటాయి, చేపను పక్కన పెట్టి కొలవడానికి. గాటు అలంకారమనుకున్నాను. వేసి చూసిన తెడ్డుతోనే, నా చెయ్యి అందని కొమ్మ నుంచి నాకిష్టమైన ఎరను విడిపించాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. రెక్క రంగు విషయంలో మాత్రం నాకు పట్టుదల ఉంది: నారింజ గాని, పసుపు గాని. నీటి మట్టంలో కూర్చున్న మనిషి మోటారు పడవలవాళ్లకు కనపడడు, పైకి లేచి దిగే రంగు రెక్క కనపడుతుంది.

చివరికి తీసుకున్నది ఇది: 240 నుంచి 255 దాకా సాగే మీట అతుకు, కార్బన్ కాడ, మధ్యలో వెన్ను ఉన్న సన్నటి నారింజ నైలాన్ రెక్కలు, అంచున గాటు. త్రాసు మీద 880 గ్రాములు. ఆ 710 గ్రాముల తెడ్డు కంటే బరువే. ఆ తెడ్డును సన్న కయాక్ ఉన్న ఒక మిత్రుడికి ఇచ్చేశాను, ఆయన చేతిలో అది అద్భుతంగా పనిచేస్తోంది.

మొదటి రోజు అంతా సాఫీగా సాగలేదు. పొడవు తెడ్డు కయాక్‌కు దూరంగా పడుతుంది, దూరంగా పడితే ముక్కు పక్కకు తిరుగుతుంది. మొదటి గంట పాము నడకలా పోయాను. రెక్కను పాదాల పక్కన దించి, తుంటి దాటకముందే తీసేయడం నేర్చుకున్నాక దారి సూటిగా వచ్చింది. చేతులతో లాగకుండా నడుము నుంచి మొండెం తిప్పాలని అందరూ చెబుతారు. పొట్టి తెడ్డుతో పక్కకు ఒరుగుతూ అది చేయడం నాకెప్పుడూ కుదరలేదు. నిటారుగా కూర్చోగలిగాక దానంతట అదే వచ్చింది. తుంగ మధ్య సన్నటి కాలువల్లో మాత్రం పొడవు ఇబ్బందే. అక్కడ సీటు దించి, తెడ్డును 240కి కుదించి, ఒక్కో చోట మధ్యకు జరిపి పట్టుకుని ఒకే రెక్కతో వేస్తాను.

కాడ మీది రబ్బరు వలయాలను కూడా ఆ రోజే సరిచేశాను. రెక్క మీది నీరు చేతి దాకా జారకుండా ఆపేవి అవే. అవి మరీ రెక్క దగ్గర ఉంటే నీటిలో మునుగుతాయి, మునిగితే ప్రయోజనం లేదు. నీటి మట్టానికి బెత్తెడు పైన ఆగేలా జరిపాను. ఒళ్లు పొడిగా ఉండటం మొదలైంది. చల్లటి ఉదయాల్లో ఇది ఎంత పెద్ద సుఖమో తడిసినవాళ్లకే తెలుస్తుంది.

తెడ్డును కయాక్‌కు కట్టే చుట్టల తాడు నిలకడ నీటిలో తప్పకుండా వాడతాను. చేప తగిలిన తొందరలో తెడ్డు జారిపోతే, గాలి కయాక్‌ను ఒక వైపు, తెడ్డును మరో వైపు తీసుకుపోతుంది. వేగంగా పారే నీటిలో, విరిగే అలల్లో మాత్రం తాడు విప్పేస్తాను, బోల్తా పడితే అది కాళ్లకు, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. పాత అల్యూమినియం తెడ్డును పారేయలేదు. రెండు ముక్కలు చేసి వెనక పట్టీల కింద కట్టి ఉంచుతున్నాను; ఒడ్డుకు దూరంగా ఉండగా ఉన్న ఒక్క తెడ్డూ విరిగితే చేయగలిగేది ఏమీ ఉండదు. ఇంటికి రాగానే కొత్తదాన్ని విడదీసి, అతుకు లోపల మంచినీళ్లతో కడిగి, కలపకుండానే ఆరబెడతాను. ఇసుక రేణువు ఒక్కటి అందులో ఉండిపోతే గీరుకుపోయి రెండు ముక్కలూ పట్టేస్తాయి. జారుతుందని నూనె, గ్రీజు రాయకూడదు, ఇసుక దానికే అంటుకుంటుంది.

నాలుగు నెలలైంది. మణికట్టు మళ్లీ వాచలేదు. ఎదురుగాలి రోజులూ వచ్చాయి, అదే మూడు కిలోమీటర్ల దూరమూ వచ్చింది. అలసిపోయాను, కానీ కయాక్‌ను పైకి లాగడానికి పిడికిలి బిగిసింది.

పోయిన వారం పెద్దాయన తెడ్డు ఒకసారి ఇమ్మన్నారు. ఆయన కయాక్ నా దాని కంటే పది సెంటీమీటర్లు సన్నం, సీటు కూడా కిందికే ఉంటుంది. నేను 250 దగ్గర పెట్టుకున్నదాన్ని అలాగే తీసుకుని పదిసార్లు వేశారు. ఆగి, మీట ఎత్తి, 240కి కుదించి, మళ్లీ వేశారు. మూడు వేళ్లు చాచి, రెండే వేళ్లతో పట్టుకుని, తుంగ దాకా వెళ్లి తిరిగొచ్చారు. తెడ్డు ఇచ్చేస్తూ, "పొడవు నీ గుర్తు దగ్గర పెట్టుకో, లేకపోతే మళ్లీ ఒరుగుతావు" అన్నారు. 250 దగ్గర గోటితో గీసిన చిన్న గీత ఉంది. దాని దాకా లాగి మీట బిగించాను.